జీర్ణోద్ధారమా? విసర్జనమా?

యోగక్షేమమనే సమాసంలో రెండు సాధనలు ఇమిడి ఉన్నాయి. లభించనిదానిని పొందడం యోగం. లభించినదానిని పరిరక్షించుకోవడం క్షేమం. ఈ పదమున్న గీతావాక్యాన్నే భారతీయ జీవిత బీమా సంస్థ తన చిహ్నంలో నిలుపుకొన్నది. బీమా అనే మాట పారసీకం నుండి వచ్చినదైనా, దాని వెనుకనున్న భావన ఈ దేశానికి క్రొత్తది కాదు. అయితే క్షేమమంటే ఉన్న వస్తువును ఎట్లాగైనా నిలబెట్టుకోవడమేనా? విడిచిపెట్టడమే క్షేమమయ్యే సందర్భం ఉండదా? ఈ ప్రశ్న వేదాంతగోష్ఠులకే పరిమితమైనది కాదు. ప్రమాదంలో విరిగిన మోటారు సైకిలు ముందు నిలబడిన సామాన్య గృహస్థునికి కూడా ఇది ఎదురవుతుంది.

గోదావరి తీరగ్రామంలో ఒక ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నను ప్రత్యక్షంగా అనుభవించాడు. ఆయన మోటారు సైకిలు తండ్రి కొని ఇచ్చినది. ఉద్యోగవిరమణ ధనంలో కొంత తీసి, కుమారుని పేరుననే రిజిస్ట్రేషను చేయించి, ఆలయం ముందు వాహనపూజ జరిపించి, చక్రాల క్రింద నిమ్మకాయలు తానే అమర్చి ఆ వృద్ధుడు దానిని అప్పగించాడు. ప్రతి సోమవారం కుమారుని వెనుక కూర్చుండి శివాలయానికి వెళ్ళేవాడు. సంవత్సరం తిరగకముందే ఆయన శివసాయుజ్యం పొందాడు. అప్పటినుండి ఆ వాహనం ఇంట్లో వస్తువుగా కాక, పెద్దదిక్కు మిగిల్చిన ప్రసాదంగా నిలిచింది.

వరికోతల కాలంలో ఒక సంధ్యాసమయాన, రోడ్డుపై సగందాకా ఆరబోసిన ధాన్యం మీద చక్రం జారింది. బండి కల్వర్టు గోడను ఢీకొన్నది. దైవకృపవలన, శిరస్త్రాణం ఉన్నందువలన, ఆయన మెడయెముక విరుపుతో బయటపడ్డాడు. ఆరువారాలలో అది అతుక్కొన్నది. బండి మాత్రం అతుక్కొనే స్థితిలో లేదు. ముందు ఫోర్కులు వెనుకకు వంగాయి. అల్లాయ్ చక్రం పగిలింది. హెడ్‌లైటు, మీటరు, పెట్రోలు ట్యాంకు దెబ్బతిన్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా, హ్యాండిల్ కూర్చునే గొట్టం వద్ద ఛాసిస్ ప్రక్కకు ఒరిగింది.

అధీకృత సర్వీసు కేంద్రం వేసిన అంచనా 51,000 రూపాయలు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయమున్న బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ అనుమతి పొందిన సర్వేయరు వచ్చి, బండిని పరీక్షించి, ఛాయాచిత్రాలు తీసుకొని వెళ్ళాడు. కొన్ని దినాలకు బీమా సంస్థనుండి వచ్చిన సమాధానం రెండు మాటలలో ఉన్నది: టోటల్ లాస్. అనగా సంపూర్ణ నష్టం.

ఉపాధ్యాయుని మనస్సు ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇంజను చక్కగా ఉన్నది. వెనుకభాగం చెక్కుచెదరలేదు. తండ్రి కూర్చున్న ఆసనం మీద గీత కూడా పడలేదు. సంపూర్ణంగా నష్టమైనది ఏది?

ఈ నిర్ణయం వెనుకనున్న గణితం గూఢమైనది కాదు. పాలసీ ఆరంభమైన నాడే వాహనానికి ఐడీవీ అని వ్యవహరించే ప్రకటిత విలువ నిర్ణయమవుతుంది. తయారీదారు ప్రకటించిన విక్రయధరనుండి వయస్సును బట్టి తరుగుదల తీసివేస్తారు. ఆరునెలలు దాటనిదానికి 5 శాతం, సంవత్సరంలోపు 15 శాతం, రెండేండ్లలోపు 20 శాతం, మూడేండ్లలోపు 30 శాతం, నాలుగేండ్లలోపు 40 శాతం, అయిదేండ్లలోపు 50 శాతం. అటుపైన ఉభయుల అంగీకారమే ప్రమాణం. ఆ విలువలో 75 శాతాన్ని మరమ్మతు వ్యయం అతిక్రమిస్తే ఆ వాహనాన్ని సంపూర్ణ నష్టంగా పరిగణించాలన్నది దేశీయ మోటారు బీమా నిబంధన. ఉపాధ్యాయుని బండి ధర లక్ష రూపాయలు. వయస్సు మూడేండ్లు దాటింది. కనుక ఐడీవీ 60,000. అందులో 75 శాతం 45,000. అంచనా దానిని దాటింది.

ఈ లెక్కను మరొక బండికి అన్వయిస్తే ఒక విశేషం స్పష్టమవుతుంది. అదే నమూనా, అదే ధర, అదే గోడ, అవే గాయాలు. వయస్సు మాత్రం నాలుగు నెలలనుకొందాం. ఐడీవీ 95,000. అందులో 75 శాతం 71,250. అప్పుడు 51,000 రూపాయల మరమ్మతు హద్దులోపలే ఉంటుంది. బీమా సంస్థ ఆ బండిని బాగుచేయిస్తుంది. గాయం ఒక్కటే, తీర్పులు రెండు. కాబట్టి సంస్థ తీర్పు చెప్పినది గాయాన్ని గురించి కాదు. గాయానికీ, మిగిలిన వెలకూ ఉన్న నిష్పత్తిని గురించి. వస్తువు ఎంత విరిగిందన్నది ఒక ప్రశ్న, దానిని అతికించడం ధనదృష్టితో యుక్తమా అన్నది వేరొక ప్రశ్న. సంస్థ సమాధానం చెప్పేది రెండవదానికే. మొదటిదానిని అది యజమానికి విడిచిపెట్టింది. లోకంలో అధికులు ఈ రెంటినీ ఒకటిగా భావించి దుఃఖిస్తారు, లేదా మోసపోతారు.

సంస్కృత శబ్దశాస్త్రం కూడ ఇచ్చట ఒక సూక్ష్మాన్ని చూపుతుంది. నష్టమనే పదానికి మూలమైన నశ్ ధాతువునకు ధాతుపాఠం చెప్పే అర్థం అదర్శనం, అనగా కనబడకపోవడం. అభావం కాదు. బీమా లెక్కలో కనబడకపోయినది ఆ వాహనపు వెల. తండ్రి వాత్సల్యం ఆ లెక్కలోనికి ఏనాడూ ప్రవేశించలేదు. కనుక అక్కడినుండి అదృశ్యమయ్యే అవకాశమూ దానికి లేదు. ఈ వివేకం కలిగేదాకా టోటల్ లాస్ అనే మాట ఆ ఉపాధ్యాయునికి తండ్రినే రద్దు చేసిన మాటగా వినిపించింది.

ఇంతలో ప్రలోభం వచ్చింది. సంపూర్ణ నష్టంగా తేలినప్పుడు యజమానికి రెండు మార్గాలుంటాయి. శిథిల వాహనాన్ని సంస్థకు అప్పగిస్తే ఐడీవీ నుండి నియమిత కోత 100 రూపాయలు పోగా 59,900 చేతికి వస్తుంది. వాహనాన్ని తానే ఉంచుకొంటే శిథిలమూల్యం మినహాయించి ఇస్తారు. ఆ మూల్యాన్ని 14,000గా నిర్ణయించారు, అనగా 45,900. ఊరి షెడ్డులోని మెకానిక్ ఛాసిస్‌ను వేడిచేసి వంపు తీసి, పాత ఫోర్కులు సాగదీసి, 30,000 రూపాయలకు బండిని నడిపించి చూపుతానన్నాడు. తండ్రి బండి దక్కుతుంది. పైగా 15,900 మిగులుతుంది. మమకారం, లోభం ఒకే దిశలో లాగేటప్పుడు మనస్సు దానిని ధర్మమనే పిలుస్తుంది. పితృభక్తి అనే పేరు కూడ సిద్ధంగా ఉన్నది.

ఆ రోజులలోనే ఆ ఊరి ఆలయంలో జీర్ణోద్ధరణ జరుగుతున్నది. బాలాలయంలో స్వామికి అర్చనలు సాగుతుండగా, గర్భాలయం పనులను ఒక వృద్ధ స్థపతి పర్యవేక్షిస్తున్నాడు. ఉపాధ్యాయుడు తన సందేహం ఆయన ముందుంచాడు.

“మాస్టారూ, విగ్రహం దెబ్బతిన్నదని కబురు వస్తే మేము మొదట ఖర్చు అడగము. ఏ అంగం పోయిందని అడుగుతాము” అన్నాడు స్థపతి. “చేతిలోని ఆయుధమో, ఆభరణపు అంచో, వేలికొసో విరిగితే సంధానం చేస్తాము. శిరస్సో, మొండెమో చీలితే సంధానం లేదు. ఎంత గొప్ప శిల్పి మలచినదైనా సరే, విసర్జనమే.”

సంప్రదాయభేదాలెన్ని ఉన్నా ఆగమాల సారం ఇదే. ఉపాంగ ప్రత్యంగాల లోపానికి సంస్కారం. ముఖ్యాంగ భంగానికి పరిత్యాగం. ఆ పరిత్యాగం కూడ యథేచ్ఛగా జరగదు. విగ్రహంలోని దైవకళను కలశోదకంలోనికి ఆకర్షించిన పిమ్మటనే పాత బింబాన్ని కదలిస్తారు. శిలామూర్తిని అగాధజలంలో, దారుమూర్తిని అగ్నిలో విసర్జిస్తారు. పూరీ క్షేత్రంలో నవకళేబర సమయాన పాత దారుమూర్తులను కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. 1996లోను, 2015లోను ఆ మహోత్సవం జరిగింది. జగన్నాథునికే పాత శరీరం విడువవలసిన కాలం వస్తుంది. అక్కడ విడిచినది దారువును మాత్రమే, దైవాన్ని కాదు.

మోటారు సైకిలుకు ఈ విచారణను అన్వయిస్తే, హెడ్‌లైటు, ఇండికేటర్లు, మడ్‌గార్డు, ట్యాంకు ప్రత్యంగాలు. చక్రం, ఫోర్కులు ఉపాంగాలు. మార్చి క్రొత్తవి వేయవచ్చు. ఛాసిస్ ముఖ్యాంగం. ఎదురుదెబ్బ తగిలినప్పుడు బలం ఫోర్కుల గుండా పైకి ప్రాకి, హ్యాండిల్ గొట్టం అతుకుల వద్ద చేరుతుంది. అక్కడి పగులు రంగుపొర క్రింద దాగి ఉండవచ్చు. వేడిచేసి వంచిన లోహం చూపునకు సరిగా ఉన్నా, దాని మునుపటి బలానికి ఎవరూ పూచీపడలేరు. ముందు వెనుక చక్రాలు ఒకే రేఖలో లేని బండి మలుపులో, వేగంలో, వానలో తన స్వభావం చూపుతుంది. షెడ్డు ముందు నాలుగడుగులు నడిపి చూపినప్పుడు కాదు.

ఉపాధ్యాయుడు వెనుదీయలేదు. “స్థపతిగారూ, స్వయంభూమూర్తి జీర్ణమైనా విడువరాదంటారు గదా! మా నాన్నగారిచ్చిన బండి నాకట్టిది కాదా?” అని అడిగాడు.

స్థపతి కొంతసేపు మౌనం వహించాడు. “స్వయంభూమూర్తి ఎవరినీ వీపున మోసుకొని రోడ్డుమీదికి పోదు, మాస్టారూ. దీని వెనుక రేపు మీ పాప కూర్చుంటుంది. మీ నాన్నగారు ఇది మీకు ఎందుకు కొనిపెట్టారు? మీరు క్షేమంగా తిరగాలనే గదా! ఆ కోరికకే ఇది విరోధమైనప్పుడు దీనిని ఉంచుకోవడం ఆయనను ఉంచుకోవడం కాదు.”

ఈ మాటతో ఒక ముడి విడింది, మరొకటి మిగిలింది. బండిని విడువవచ్చు, కాని ఎట్లా విడువాలి? పాతసామాను కొనే వర్తకుడొకడు వచ్చి, ఆర్సీ పుస్తకంతోసహా ఇస్తే 22,000 ఇస్తానన్నాడు. సంస్థ కట్టిన శిథిలమూల్యం కంటె అది 8,000 ఎక్కువ. నుజ్జయిన ఇనుముకు కాగితాలెందుకని అడిగితే వర్తకుడు నవ్వి ఊరుకొన్నాడు. విషయం లోకవిదితమే. శిథిల వాహనపు ఛాసిస్ సంఖ్యను, రిజిస్ట్రేషను పత్రాన్ని దొంగిలించిన మరొక బండికి తగిలించే వ్యాపారమొకటి ఉన్నది. వేదాంతభాషలో చెప్పవలెనంటే, రూపం నశించిన పిమ్మట నామాన్ని బ్రతికించి, దానిని అన్యరూపానికి ఆరోపించడం. రజ్జువులో సర్పం కనబడితే కలిగేది భయం. ఇక్కడి అధ్యాస ఇంకొకరి ఇంటిముందు బండిని మాయం చేస్తుంది.

వాహనం నశించినా, శాశ్వతంగా వినియోగానికి పనికిరాకపోయినా యజమాని పదునాలుగు దినాలలో, లేదా సాధ్యమైనంత త్వరగా, రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రాన్ని అప్పగించాలని 1988 నాటి మోటారు వాహన చట్టంలోని 55వ సెక్షను ఆదేశిస్తున్నది. కళాకర్షణ చేయకుండ బింబాన్ని విసర్జించకూడదన్న ఆగమనియమానికి ఇది లౌకికమైన సోదరి. నామం ఉపసంహరించకుండ రూపాన్ని వదలరాదు.

ఉపాధ్యాయుడు శిథిల వాహనాన్ని బీమా సంస్థకు అప్పగించాడు. రిజిస్ట్రేషను రద్దుకు దరఖాస్తు చేశాడు. సైలెన్సరు మీది పాత గీతలను కూడ ఈ ప్రమాదంలోనే చూపవచ్చునని సర్వీసు కేంద్రంలో ఎవరో సూచించినప్పుడు, అవి పూర్వపువేనని సర్వేయరుకు అంతకుముందే చెప్పి ఉన్నాడు. బీమా ధనం ఏ ఒక్కరిదీ కాదు; తనవలె ప్రీమియం కట్టిన అనేకుల సముదాయ ధనం. అందులోనుండి అసత్యంతో ఒక రూపాయి తీసినా అది పరస్వాపహరణమే. ఈ సత్యవ్రతంవలన ఆయనకు వచ్చిన మొత్తం పెరగలేదు. వర్తకుని బేరం, షెడ్డు మరమ్మతు కాదన్నందున కొన్నివేల రూపాయల లాభాన్ని ఆయన తెలిసి తెలిసి వదులుకొన్నాడు. బండిని తీసుకుపోతున్ననాడు ఆయనకు కన్నీరు కూడ వచ్చింది. వివేకం శోకాన్ని పూర్తిగా తుడిచివేస్తుందని శాస్త్రం తెలిసినవారెవరూ అనరు. శోకం కర్తవ్యాన్ని మరపించకుండ చూడటమే దాని పని.

ఇట్టి స్థితి ఏ గృహస్థునికైనా రావచ్చు. వచ్చినప్పుడు మూడు విచారణలు వేరువేరుగా జరగాలి. వెల ఎంత మిగిలిందన్నది మొదటిది. దానికి సమాధానం పాలసీలోని ఐడీవీలో, సర్వేయరు నివేదికలో దొరుకుతుంది. ముఖ్యాంగం నిలిచిందా అన్నది రెండవది. దానిని సంస్థ మరమ్మతుకు అంగీకరించినా, అంగీకరించకున్నా యజమాని స్వయంగా అడిగి తీరాలి. హద్దు లోపలి వ్యయమని మరమ్మతు చేసిన బండికి కూడ ఛాసిస్ వంకర ఉండవచ్చు; హద్దు దాటిందని త్రోసివేసిన బండికి ఛాసిస్ నిక్షేపంగా ఉండవచ్చు. అట్టిదానిని ఉంచుకొని బాగుచేయించుకోవడంలో దోషం లేదు. ఇక మూడవది మమకారాన్ని గురించినది: తాను కాపాడదలచినది వస్తువునా, ఆ వస్తువు ద్వారా ఇంతకాలం తనకు అందిన ప్రేమనా?

ఒక లౌకిక జాగ్రత్త కూడ ఇక్కడ చెప్పదగినది. చట్టం నిర్బంధంగా కోరేది పరులకు కలిగే హానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనాలకు అది అయిదేండ్లకు ఒకేసారి తీసుకోవలసి ఉన్నది. ఆ అయిదేండ్ల కాగితాన్ని చూసి స్వంత వాహన నష్టానికి కూడ రక్షణ ఉన్నదని భ్రమించి, ఆ భాగాన్ని పునరుద్ధరించుకోనివారు కలరు. వారికి మరమ్మతా, సంపూర్ణ నష్టమా అన్న ప్రశ్నే పుట్టదు. మొత్తం భారం వారిదే. క్షేమం కోరేవాడు ఆ పత్రాన్ని నేడే ఒకసారి తీసి చదవడం మంచిది.

స్వస్తి.