పవిత్రతకు పొలిమేర ఎక్కడ?

గుడి ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఆగమ పండితుడు తడుముకోకుండా చెబుతాడు. గర్భగృహం, అంతరాళం, ముఖమండపం, బలిపీఠం, ధ్వజస్తంభం, ప్రాకారం, గోపురం - అన్నింటికీ కొలతలున్నవి. కాని అవి రాతికి సంబంధించిన కొలతలు. మనిషికి వేరే కొలత ఉన్నది. ఒకే గుడి అర్చకుడికి గర్భగుడిలోపల, భక్తుడికి గడప దగ్గర, మరొకనికి వీధి మొదట్లోనే ఆగిపోతుంది.

కేరళలో వైకోం మహాదేవుని గుడికి వెళ్ళినప్పుడు నేను మొదట చూసినవి దాని చుట్టూ ఉన్న నాలుగు వీధులను. తిరువాన్కూరు రాజ్యంలో అవి సర్కారు దారులే అయినా, ఈళవులూ పులయులూ అడుగు పెట్టరాదని అక్కడ పలకలు పాతారు. క్రైస్తవులకు, ముస్లిములకు అడ్డులేదు. నిన్నటి పులయుడు మతం మార్చుకొని వస్తే అదే దారి అతనికి తెరుచుకొనేది! మైల మట్టిలో లేదనీ, మనిషి ఒంట్లోనూ లేదనీ ఇంతకంటె రుజువేమి కావాలి?

1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలైంది. ఆ యేటి వరదలలో సత్యాగ్రహులు నీళ్ళలోనే నిలబడ్డారు. దారులు తెరవాలన్న తీర్మానం 1925 ఫిబ్రవరిలో శాసనసభలో 21 ఓట్లకు 22 ఓట్లతో ఓడిపోయింది. మార్చిలో గాంధీ వచ్చి, సనాతనుల నాయకుడైన నంబూద్రితో వాదించారు. గాంధీ వైశ్యుడు గనుక ఇంటిలోపలికి రానీయక, బయటనే కూర్చోబెట్టారు. ఆ ఏడాది చివరకు రాజీ కుదిరి మూడు దారులు అందరికీ తెరిచారు. తూర్పు దారి తెరవలేదు. అంటే పవిత్రత మూడు దిక్కుల వెనక్కు తగ్గి, నాలుగో దిక్కున నిలిచిందన్నమాట. నేల కదలలేదు, బలాబలాలు కదిలినవి. ఈళవులు మూకుమ్మడిగా మతం మారతారన్న భయం ముదిరిన తరువాత, 1936 నవంబరు 12న రాజుగారి ప్రకటనతో గుడి తలుపులే తెరుచుకొన్నవి. గాంధీని బయట కూర్చోబెట్టిన ఆ నంబూద్రి ఇల్లు తరువాత కల్లుగీత కార్మిక సంఘం చేతికి వచ్చింది.

ఇదంతా మలయాళ దేశపు వింత అనుకోరాదు. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం మన సర్కారు జిల్లాలకూ, రాయలసీమకూ వర్తించినదే. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దేశమంతటా వచ్చింది. ఆ తరువాత కూడా మా కృష్ణాజిల్లా పల్లెలో రథం మాలపల్లి మలుపు దగ్గరే వెనక్కు తిరగడం నేను చిన్నతనంలో చూశాను. దేవుని మాన్యంలో నాట్లు వేసింది ఆ పల్లె ఆడవాళ్ళే. వారి చేతి ధాన్యం నైవేద్యమై గర్భగుడి చేరేది; ఆ చేతులు మాత్రం మలుపు దాటేవి కావు. కూలి దగ్గర లేని మైల కొలువు దగ్గర పుట్టుకొచ్చేది.

దేవుణ్ణి నమ్మని మనకు గుడి గొడవ ఎందుకని కొందరు మిత్రులంటారు. గుడి అంటే ఒక్క విగ్రహమే కాదు. అది ఊరి భూమి, ఊరి చెరువుగట్టు, ఊరి సభాస్థలం. అక్కడినుండి మనిషిని వెలివేయడమంటే ఊరి ఉమ్మడి ఆస్తినుండి వెలివేయడమే. చెప్పులు విప్పించే గీతతో నాకు పేచీ లేదు. అది అందరికీ ఒకటే. కులాన్ని బట్టి జరిగే గీతతోనే పేచీ. గర్భగుడి గడప కూడా అటువంటిదే. తగిన శిక్షణ పొందిన బ్రాహ్మణేతరుని అర్చకునిగా నియమించడం చెల్లుతుందని 2002లో సుప్రీంకోర్టు తిరువాన్కూరు దేవస్వం బోర్డు కేసులో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినంత మాత్రాన గడప దానంతటది తొలగదు.

విద్యార్థి మిత్రులు సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు రథం ఏ మలుపు దగ్గర తిరుగుతున్నదో, మాన్యం కౌలు ఎవరి పేర ఉన్నదో, నాట్లు ఎవరు వేస్తున్నారో రాసుకొని రావాలి. పవిత్రత పటాన్ని భూమి పటం పక్కన పెట్టి చూస్తే, రెండు గీతలూ ఎక్కడెక్కడ కలుస్తున్నవో తెలుస్తుంది. మన పని అక్కడ మొదలు కావాలి.