ఉప్పెనను చూసిన టాక్లోబాన్

పిల్లలూ! ఉప్పెన అంటే ఏమిటో మన కోస్తా పిల్లలకు వేరే చెప్పనక్కర లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అదే. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో తెలియాలంటే ఫిలిప్పీన్సు దేశంలోని టాక్లోబాన్ సంగతి వినాలి.

ఈ పట్నం లేటె అనే దీవిలో, సముద్రపు ఒడ్డున వున్నది. ఎదుట సమార్ దీవి. పూర్వం ఇక్కడి బెస్తలు 'తక్లుబ్' అనే బుట్టతో పీతలు పట్టేవారట. ఊరికి ఆ పేరే వచ్చిందంటారు. రెండు దీవులనూ కలుపుతూ, పాములా మెలిక తిరిగిన శాన్ హువానికో వంతెన వున్నది. 1973లో పూర్తి అయింది. పొడవు 2,162 మీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే దాటటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టండి చూద్దాం!

దగ్గరలోనే పాలో తీరం. 1944 అక్టోబరు 20న సేనాని మెకార్థర్ మోకాలిలోతు నీటిలో నడుస్తూ ఇక్కడ దిగాడు. "మళ్ళీ వస్తా" నన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ దృశ్యాన్నే నిలువెత్తును మించిన ఏడు విగ్రహాలుగా నీటి మడుగులో నిలిపారు. ఆ తరువాత కొన్ని నెలలు టాక్లోబానే దేశానికి రాజధాని.

2013 నవంబరు 8 తెల్లవారుజామున పెద్ద తుఫాను వచ్చింది. అక్కడి వారు దానికి యొలాండా అని పేరు పెట్టారు. ముందే హెచ్చరించారు, కాని 'స్టార్మ్ సర్జ్' అని ఇంగ్లీషులో చెప్పారు. అదేమిటో చాలామందికి బోధపడలేదు. సునామీ అని వుంటే పారిపోయే వాళ్ళమని తరువాత వాపోయారు. ఆ అఖాతం లోతు తక్కువ, పైగా గరాటులా ఊరివైపు సన్నబడుతుంది. గాలి నెట్టిన నీటికి పక్కకు పోయే దారి లేక పైకి లేచింది. సుమారు 5, 6 మీటర్ల ఎత్తున ఊళ్ళో పడింది. కొందరు తలదాచుకున్న చోట్లకే నీరు వచ్చింది. దేశం మొత్తంమీద 6,000 మందికి పైగా పోయారు.

శాంటో నిన్యో గుడి కప్పు ఎగిరిపోయింది, మళ్ళీ వేశారు. పాలోలో పడిపోయిన విగ్రహాన్ని లేపి నిలబెట్టారు. అనిబాంగ్ పేటలో మాత్రం ఒక వింత వున్నది. ఉప్పెన పెద్ద పెద్ద ఓడలను ఇళ్ళమీదికి తెచ్చి పడవేసింది. మిగిలిన వాటిని ముక్కలు చేసి తీసుకుపోయారు గాని, 'ఎవా జోసెలిన్' అనే ఓడ ముక్కును అక్కడే వుంచారు. చుట్టూ ఇళ్ళు, నడుమ ఆ ఓడ ముక్కు! పోయిన వారి జ్ఞాపకచిహ్నం అదే. ఏటా నవంబరు 8న ఊరివారు కొవ్వొత్తులు వెలిగిస్తారు.