కుక్కపాలు

మా ఇంట్లో రెండు వేటకుక్కలున్నాయి. మగదాని పేరు కరియ, ఆడదాని పేరు చెన్ని. రెండూ చిప్పిపారై జాతివి. ఈ జాతి మా హోసూరు దిక్కుది కాదు, విరుదునగరం దిక్కు నల్లరేగడి భూములది. ఆ దిక్కు పెండ్లి చేసుకున్న మా తాత మేనమామ కొడుకు, వీటి తల్లిని పిల్లగా ఉన్నప్పుడు గోనెసంచిలో పెట్టుకొని బస్సులో తెచ్చి ఇచ్చినాడు. ఆ దిక్కే రాజపాళయం కూడా ఉంది. అక్కడ స్థిరపడిన రాజులు మన మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. వాళ్ళ ఊరి పేరు పెట్టుకున్న తెల్లకుక్కకు 2005లో తపాలా బిళ్ళ కూడా వేసినారు. మా కరియకు బిళ్ళ లేదు. ఆకలి మాత్రం ఉంది.

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఒకటే. "ఏమప్పా, కుక్కలకు కూడు పెట్టరా? పక్కటెముకలు కనిపిస్తా ఉండాయే!" ఈ జాతి కుక్క అట్లనే ఉండాలని వాళ్ళకు తెలియదు. రొమ్ము లోతుగా, నడుము సన్నగా, చివరి రెండు మూడు పక్కటెముకలు తెలిసీ తెలియనట్టు ఉంటే అది సరిగ్గా తింటున్నట్టు లెక్క. వెన్నెముక, తుంటి ఎముక పొడుచుకొని వస్తే మాత్రం అది బక్కదనం, ఆకలి. మా తాత చేత్తో నిమిరి చెప్పేస్తాడు. "కడుపు మించి తిన్న కుక్క పరుగెత్తదు, కడుపు మాడిన కుక్క మాట వినదు" అంటాడు.

తాత పడుచువాడుగా ఉన్నప్పుడు కుక్కలకు మాంసం కొనే పని లేదంట. పంట కోతలయినాక మగవాళ్ళంతా కుక్కలను తీసుకొని గుట్టల మీదికి కుందేళ్ళకు పోయేవాళ్ళు. దొరికింది పంచుకునేటప్పుడు మనుషులకు ఎన్ని పాళ్ళో, కుక్కకు ఒక పాలు. దాన్నే కుక్కపాలు అనేవాళ్ళు. మొదటిసారి విన్నప్పుడు నేను కుక్క ఇచ్చే పాలు అనుకొని నవ్వినాను. తల, పేగులు, నెత్తురు కలిపిన సంగటి కుక్కలకు. ఏ కుక్క పట్టిందో దాని యజమానికి ఇంకొక పాలు ఎక్కువ. అంటే కుక్క తన కూడు తాను సంపాదించుకునేది, ఇంటికీ కొంచెం తెచ్చేది.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. కుందేలును కొట్టినా పందిని కొట్టినా నేరమే. చట్టం వచ్చినాక కూడా కొన్నేండ్లు దొంగచాటుగా పోయినవాళ్ళు ఉన్నారని తాత ఒప్పుకుంటాడు, తాను పోయినట్టు మాత్రం చెప్పడు. మేమూ అడగము. ఇప్పుడు మా కుక్కలకు వేట లేదు, కాపలా ఉంది. మా చేను డెంకణికోట అడవి అంచున ఉంది. రాగులు ఎన్ను పట్టినాక అడవిపందులు గుంపుగా వస్తాయి. ఒక్క రాత్రిలో అర ఎకరం తొక్కేస్తాయి. కరియ, చెన్ని గట్టు మీద నిలబడి మొరిగి తరుముతాయి. పట్టరాదు, వెంటబడి అడవిలోకి పోరాదు, ఈల వేస్తే తిరిగి రావాలి. తాత వాటికి అట్ల నేర్పినాడు. ఏనుగులు దిగినాయని కేక వినిపిస్తే మాత్రం మొదట కుక్కలను కట్టేస్తాము. ఏనుగును చూసి మొరిగిన కుక్క భయపడి నేరుగా మనిషి కాళ్ళ దగ్గరికే పరుగెత్తుకొని వస్తుంది, దాని వెనకనే ఏనుగు వస్తుంది.

పని ఉంది, కుక్కపాలు లేదు. మరి మాంసం ఎట్ల? ఇక్కడే మా ఇంటి లెక్కలు మొదలవుతాయి.

రాగులు మావే. రెండు కుక్కలకు నెలకు ఇరవై కిలోల పిండి దాకా పడుతుంది. మజ్జిగ ఇంట్లోదే. ఉలవలు ఉడికించిన రోజు పైకట్టు మాకు చారు, అడుగున మెదిగిన ఉలవలు వాటికి. ఇవి కాక వారానికి మూడు దినాలు మాంసం తునకలు. బుధవారం, ఆదివారం కోడికూర అంగడిలో తలలు, కాళ్ళు, తోలు, కందనకాయలు ఒక సంచిలో వేసి పెడతారు. శుక్రవారం కసాయి అంగడి భాయి గొర్రె పేగులు, ఊపిరితిత్తులు ఇస్తాడు. అంతా కలిపి వారానికి నూటయాభై రూపాయలు దాటదు. పోయిన ఏడు చెన్ని పిల్లలను చూసేదానికి బెంగుళూరు నుంచి ఒకాయన కారులో వచ్చినాడు. తన ఇంటి కుక్కకు వాడే సంచి తిండి ధర చెప్పినాడు. మా అవ్వ కొంచెంసేపు ఆలోచించి "ఆ దుడ్డుతో గొర్రెపిల్ల వస్తుంది కదప్పా" అన్నది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. సంచి తిండి చెడ్డదని నేననను, కొనగలిగినవాళ్ళకు సులభం. మాకు మాత్రం అది లెక్కలోకి రాదు.

ఈ చవక కూడు వెనక ఒక విషయం ఉంది. దానికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

రెండేండ్ల కింద మా చిన్నత్తకు కుడిపక్క డొక్కలో నొప్పి వచ్చింది. మొదట గ్యాసు అన్నారు. తగ్గలేదు. బెంగుళూరుకు తీసుకొనిపోయి స్కాను తీస్తే కార్జంలో నీళ్ళగడ్డ ఉందని తేలింది. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో కుక్కలున్నాయా? గొర్రెలున్నాయా?" అత్త పుట్టి పెరిగిన ఇల్లు మాది. రెండూ ఎప్పుడూ ఉన్నాయి. ఆపరేషన్ అయినాక అత్త నెలన్నర మా ఇంట్లోనే పడుకొని ఉంది. మా మామ వచ్చినప్పుడు వాకిట్లోకి కూడా రాకుండా, "ముందు ఆ కుక్కలను ఎక్కడన్నా వదిలేసి రండి, తరువాత మాట్లాడదాం" అన్నాడు. మా నాయన తన చెల్లెలి పక్కన నిలబడినాడు. తాత ఎవరితోనూ మాట్లాడలేదు. మూడు దినాలు చేనిదగ్గర మంచె మీదనే పడుకున్నాడు.

ఆ వారంలోనే పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేయించేదానికి నాయనా నేనూ కుక్కలను పశువుల ఆసుపత్రికి తీసుకొని పోయినాము. అక్కడి డాక్టరు సారును నేనే అడిగినాను. ఆయన చీటీ వెనక గుండ్రంగా బొమ్మ గీసి చూపించినాడు. కుక్క పేగుల్లో ఒక చిన్న బద్దెపురుగు ఉంటుంది, బియ్యపుగింజంత కూడా ఉండదు. దాని గుడ్లు కుక్క పేడతో గడ్డి మీద పడతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తుంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో అది నీళ్ళబుడ్డగా పెరుగుతుంది. గొర్రెను కోసినప్పుడు ఆ బుడ్డలున్న తునకను పచ్చిగా కుక్కకు విసిరేస్తే, మళ్ళీ కుక్క పేగుల్లో పురుగవుతుంది. ఆ చుట్టులో మనిషికి పని లేదు. కానీ కుక్క వెంట్రుకలను ముట్టిన చెయ్యి కడగకుండా తిన్నా, కడగని ఆకుకూర తిన్నా ఆ గుడ్లు మన కడుపులోకి పోతాయి. గొర్రెలో పెరిగినట్టే మనలోనూ బుడ్డ పెరుగుతుంది, అదీ ఏండ్ల తరబడి, మెల్లగా. అత్తకు ఎప్పుడు అంటిందో, ఏ కుక్కనుంచి అంటిందో ఎవరూ చెప్పలేరని, చిన్నప్పుడే అయి ఉండొచ్చని ఆయన అన్నాడు.

ఆ చీటీ తెచ్చి రాత్రి అందరి ముందర పెట్టి చెప్పినాను. తాత మంచె దిగి వచ్చిన రోజే అది. బొమ్మ చూడలేదు, మాట మాత్రం విన్నాడు. "అయితే నా కుక్క నా బిడ్డకు రోగమిచ్చిందా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. అవ్వ గోడకానుకొని కూర్చొని వక్క నములుతా ఉంది. "కుక్క ఏం చేస్తుంది? మనమేసింది తినె" అన్నది.

నిజమే. మా ఊర్లో జాతర దినం గొర్రెలు కోసినప్పుడు, నీళ్ళబుడ్డలున్న కార్జం మనుషులు తినరు. చూడగానే అసహ్యపడి పక్కకు తీసేస్తారు. తీసింది ఎక్కడ వేస్తారు? కాచుకొని ఉన్న కుక్కల ముందర. మనిషికి పనికిరాని తునకే కుక్కకు పోతుంది, మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. కసాయి అంగళ్ళ వెనక కుక్కలు గుంపుగా ఉండేది కూడా అందుకే. దుడ్డు లేకుండా దొరికే కూడు అది.

తాతకు ఇంకొక పట్టుదల ఉండేది. వేటకుక్కకు పచ్చి మాంసమే పెట్టాలి, ఉడికింది పెడితే రోషం పోతుందని. ఇది మా దిక్కు చాలామంది చెప్పే మాట. డాక్టరు సారు దీనికి ఒక్కటే చెప్పి పంపినాడు, "పేగులు, కార్జం, ఊపిరితిత్తులు ఏవైనా అరగంట తెర్లాల. తెర్లనిది పెట్టొద్దు. మూడు నెలలకొకసారి నేనిచ్చే మాత్ర వేయండి." మామ పెట్టిన షరతు కంటే ఇది సులభమే కదా అని అమ్మ అన్నది. తాత ఒప్పుకున్నానని చెప్పలేదు. మరుసటి శుక్రవారం మాత్రం పశువుల కొట్టం వెనక తానే మూడు రాళ్ళు పెట్టి, పాత అల్యూమినియం గుండు ఎక్కించినాడు.

ఇప్పుడు మా కుక్కల వంట ఇట్ల. పట్టుపురుగులకు ఆకు వేసినాక మిగిలిన మల్బరీ పుల్లలే పొయ్యికి. తెచ్చిన తునకలను మొదట తాత కత్తితో చీల్చి చూస్తాడు. నీళ్ళబుడ్డ కనిపిస్తే ఆ తునకను పొయ్యికి కూడా ఎక్కించడు, లోతుగా గుంత తీసి పూడ్చి పైన రాయి పెడతాడు. ఇప్పుడు అంగడి భాయి కూడా అట్లాంటివి మాకివ్వడు, "పెద్దాయనా, ఇది మీకొద్దులే" అంటాడు. మిగిలినవి కడిగి గుండులో వేసి, నీళ్ళు తెర్లడం మొదలైనప్పటి నుంచి అరగంట లెక్క. ఉప్పు, కారం, ఎర్రగడ్డ వేయము. ఎర్రగడ్డ కుక్క నెత్తురుకు విషం. ఉడికినాక కోడి ఎముకలన్నీ చేత్తో ఏరేస్తాము. ఉడికిన కోడి ఎముక కొరికితే సూదుల మాదిరి చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ఏరేది నా పని, చేతులు రాత్రిదాకా వాసన వస్తాయి, అది వేరే విషయం. తరువాత ఆ నీళ్ళలోనే రాగిపిండి పోసి, కట్టెతో గెలికి ముద్ద చేస్తాము. మునగాకో గుమ్మడికాయో ఉంటే అదీ. బాగా ఆరినాకనే పెడతాము. ఎండాకాలం మజ్జిగలో పిసికి పలచగా పోస్తాము. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగానే సున్నం ఉంటుందని మా సైన్సు అయ్యవారు చెప్పినాడు. అయినా పెరిగే కుక్కపిల్లలకు రాగిముద్ద ఒక్కటే చాలదు, వాటికి పాలు, గుడ్డు కూడా వేస్తాము. ఒట్టి మాంసమే వేసినా మంచిది కాదు, ఎముకకు బలం లేక కాళ్ళు వంకర పోతాయి.

రోషం పోయిందా అంటే, పోయిన కార్తీకంలో పందులు మూడుసార్లు దిగితే మూడుసార్లూ కరియ, చెన్ని గట్టు దాటనివ్వలేదు. తాత ఈ మాట ఎవరితోనూ అనలేదు. కానీ పక్క చేనివాళ్ళు తమ కుక్కకు పచ్చిపేగులు వేస్తుంటే చూసి, పోయి వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చొని వచ్చినాడు. ఏం చెప్పినాడో తెలియదు. ఆ తరువాత రెండు శుక్రవారాలు వాళ్ళ తునకలు కూడా మా గుండులోనే ఉడికినాయి.

అత్త ఇప్పుడు బాగుంది. పండగకు వస్తే పది దినాలుంటుంది. కరియ తోక ఊపుకుంటా వచ్చినా ముట్టుకోదు, చీర కుచ్చిళ్ళు పట్టుకొని పక్కకు జరుగుతుంది. మామ ఇప్పుడు వాకిట్లోకి వస్తాడు, ఇంట్లో కాఫీ తాగుతాడు, కుక్కల మాట ఎత్తడు. మొన్న సంక్రాంతికి గుండు కింద మంట ఆరిపోతా ఉంటే, అందరికంటే ముందు అత్తే లేచి పోయి పుల్లలు ఎగదోసింది. నేను మూత తీయబోతే చేతిలోని ఫోను చూసి, "ఇంకా ఏడు నిమిషాలుందే, మూసెయ్" అన్నది.