నందిగామలో ‘గామ’

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట దాటితే వచ్చేదంతా కృష్ణా మెట్ట సీమ. కాగితాల మీద ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లా. ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లకు తోకలు పట్టుకుని చూస్తే పెనుగంచిప్రోలులో ప్రోలు, చందర్లపాడులో పాడు, కంచికచర్లలో చెరువు వినిపిస్తాయి. అన్నీ మన ఇంటి మాటలే. జగ్గయ్యపేట కూడా ఒకప్పుడు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేర పేట వెలయించాక వోలు వెనకబడింది. ఆ పేటకూ తమిళంలో పేట్టై, కన్నడంలో పేటె అని దగ్గర చుట్టాలున్నారు. ఎటొచ్చీ నందిగామ తోక ఒక్కటే వేరే ఇంటిది. నంది సంగతి అలా ఉంచి, ఆ గామ చుట్టాలు ఎవరో వెతికితే జాడ పోలెండు, ఉక్రెయిన్ దాకా పోతుంది.

గ్రామం అనే సంస్కృత పదాన్ని నోరు తిరగని పల్లెజనం గామ చేశారని తేలిగ్గా అనేయవచ్చు. అలా అనేవారు ఒక్కసారి జగ్గయ్యపేట పక్కనున్న ధనబోడు గుట్ట సంగతి చూడాలి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దిలో, సిద్ధత్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపించి ప్రాకృతంలో శాసనం చెక్కించాడు. స్తూపం ఉన్న చోటును అందులో ‘గామే వెలగిరియం’ అన్నాడు. వెలగిరి గామంలో అని. దానధర్మాలకు, రాతకోతలకు వాడిన భాషలో ఆనాటికే ఉన్న రూపమది. నోటి దురుసుకు అరిగిన రూపమని ఎలా అంటాం? శ్రీలంకలో వెలిగామ, కతరగామ ఊళ్ల పేర్లలో ఉన్నదీ ఇదే. మరాఠీ గావ్ దీని సంతానమే. భారతదేశం నుంచి వలస వెళ్లి యూరప్‌లో స్థిరపడ్డ రోమా ప్రజలు ఊరిని ఈనాటికీ ‘గవ్’ అంటారు.

ఇక స్లావిక్ భాషలు. రష్యన్‌లో గ్రొమాద అంటే బ్రహ్మాండమైన రాశి. బల్గేరియన్‌లో గ్రమాద అంటే రాళ్ల కుప్ప. చెక్ భాషలో హ్రొమద కుప్పా అవుతుంది, కంపెనీ వాటాదారుల మహాసభ పేరులోనూ వస్తుంది. పోలిష్‌లో గ్రొమాద జనసమూహం. 1954 నుంచి 1972 వరకు ఆ దేశంలో పల్లెపాలనకు అట్టడుగు విభాగం పేరూ అదే. ఉక్రెయిన్‌లో హ్రొమాద అంటే సముదాయం. 2020 నాటి పాలనా సంస్కరణలో ఆ దేశాన్ని 1,469 హ్రొమాదలుగా ఏర్పరిచారు. మాక్స్ ఫాస్మర్ రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటను సంస్కృత గ్రామంతో ఒకే కుదుట నిలుపుతుంది.

శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలుస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. కలవదు. కూరగాయల కొట్లో తూచే గ్రాముకూ గ్రామానికీ ఏ సంబంధమూ లేదు. అది రాతకు సంబంధించిన గ్రీకు మాట నుంచి వచ్చింది. మరి గ్రొమాద ఇటు నుంచి అటు అరువు పోయి ఉండకూడదా? అరువు మాట ఎలా ఉంటుందో పక్కనున్న హంగేరియన్, రుమేనియన్ భాషలు చూపిస్తాయి. స్లావుల నుంచి తీసుకున్న గర్మద, గ్రమద అక్కడ తోకతో సహా దిగాయి, కుప్ప అనే అర్థమూ మారలేదు. సంస్కృతంలో ఆ ‘అద’ తోక లేదు, స్లావులకు ‘ఊరు’ అనే అర్థం మొదటిది కాదు. ఒకరి దగ్గర ఒకరు తీసుకుని ఉంటే ఇంత తేడా రాదు. తల్లి మాట ఒకటై, రెండిళ్లలో పెరిగిన లక్షణమిది.

అందుకే మొదటి అర్థం ఊరు కాదు, గుంపు అని నా వాదం. ఋగ్వేదంలో గ్రామం కదిలిపోతూ కనిపిస్తుంది. శతపథ బ్రాహ్మణంలో శర్యాతుడనేవాడు తన గ్రామంతో సంచరిస్తాడు. ఇళ్లూ వాకిళ్లూ కదలవు గదా! అవి పాత పుస్తకాల మాటలు, మనకెందుకు అంటారేమో. సంగ్రామం మన నోట లేదా? రెండు గుంపులు ఎదురుపడడమే అది. గీతలోని ఇంద్రియగ్రామం, భూతగ్రామం సమూహాలే. సంగీత శాస్త్రంలో షడ్జగ్రామం స్వరాల కూటమి. గుంపు ఒకచోట కుదురుకున్నాక ఆ చోటుకు గుంపు పేరే స్థిరపడింది. మన రాజ్యాంగం 243వ అధికరణంలో గ్రామసభను నిర్వచిస్తూ ఓటర్ల జాబితాకెక్కిన మనుషుల సముదాయం అంటుంది. తెలిసి అన్నా తెలియక అన్నా అది పాత అర్థానికే దగ్గర. నగర పంచాయతీ అయిన నందిగామలో ఇక గ్రామసభ ఉండదు. అది ఇంకా ఉన్న ఊళ్లవాళ్లు ఈసారి దండోరా వినబడితే ఇంట్లో కూర్చోకండి, వెళ్లండి.