దొంగ కాపీ తీసేశాక



మా ల్యాప్‌టాప్ తెర మీ ఇళ్లలో వాటిలా ఎందుకు ఉండదని చాలామంది అడిగారు. అందులో ఉన్నది విండోస్ కాదు, ఓపెన్‌బీఎస్‌డీ. యునిక్స్ జాతికి చెందిన ఈ వ్యవస్థను 1995లో థియో డి రాట్ అనే ఆయన కెనడాలో మొదలుపెట్టారు. వాడేవారు చాలా తక్కువ. మన మండలంలో మేము కాక ఇంకెవరైనా ఉంటే ఒకసారి ఇంటికి రండి, టీ తాగి వెళ్దురు.

ఇలా ఎందుకు మారామో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అంతకుముందు మా దగ్గరున్న విండోస్, టౌనులో ఒక షాపతను 300 రూపాయలకు ఎక్కించి ఇచ్చిన దొంగ కాపీ. ఆదివారం ప్రసంగాలు దాని మీదే రాసుకునేవాళ్లం. ఒకసారి దొంగతనం గురించి రాస్తుంటే అమ్మగారు వెనక నిలబడి, "ముందు దీని సంగతి చూడండి" అన్నారు.

అసలుది కొనే డబ్బు లేదు. బీటెక్ చదివే మన సంఘపు అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఇది ఎక్కించాడు. ఉచితమే కావాలంటే లినక్స్ తేలిక కదా అని తెలిసినవాళ్లు అంటారు. నిజమే. కానీ ఆ అబ్బాయికి బాగా వచ్చింది ఇది, దగ్గర కూర్చుని నేర్పింది కూడా ఇదే.

మొదటి రోజు వైఫై రాలేదు. దానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను లైసెన్సు చిక్కుల వల్ల లోపల పెట్టి ఇవ్వరు, విడిగా దించుకోవాలి. దించుకోవాలంటే నెట్ కావాలి! ఫోనును కేబులుతో తగిలించి దాని నెట్‌తో దించాం. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ మామూలుగానే నడుస్తాయి. నోటో ఫాంట్లు వేశాక తెలుగు చక్కగా కనబడింది. టైపు మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌లో కొత్తగా నేర్చుకున్నాం. బ్లూటూత్ లేదు, దాన్ని 2014లోనే తీసేశారు.

మాకు బాగా నచ్చింది దీని మాన్యువల్. ప్రతి ఆదేశానికీ వివరం కంప్యూటరులోనే ఉంటుంది. గాలివానకు టవరు పోయి రెండు రోజులు నెట్ లేకపోయినా 'మ్యాన్' అని కొట్టి చదువుకోవచ్చు. ఇంగ్లీషే, కానీ నిదానంగా చదివితే అర్థమవుతుంది.

చదవకపోతే ఏమవుతుందో కూడా చూశాం. మంచాన పడిన ఒక పెద్దావిడ కోసం అరగంట వాక్యం రికార్డు చేసి పెన్‌డ్రైవులో పంపాం. వాళ్ల మనవడు ఫోన్ చేసి, "అయ్యగారూ, ఏమీ వినబడటం లేదండీ" అన్నాడు. ఇందులో మైకు రికార్డింగు మొదటినుంచీ మూసే ఉంటుంది. మనకు తెలియకుండా ఏ ప్రోగ్రామూ మన మాట వినకూడదని అలా పెట్టారు. ఒక సెట్టింగును 0 నుంచి 1కి మార్చాలి. మాన్యువల్‌లో ఉంది, మేమే చూడలేదు. ఆ సాయంత్రం వెళ్లి ఆమె మంచం పక్కనే కూర్చుని చెప్పి వచ్చాం.

ఇవన్నీ మేము పడిన తిప్పలు. మమ్మల్ని బాధపెట్టింది వేరే ఉంది. స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి తేదీకి ముందురోజు సాయంత్రం ఒక అమ్మాయి ప్రింటు కోసం వచ్చింది. మా ప్రింటరు విండోస్‌తో తప్ప పనిచేయని రకం. గంటసేపు ప్రయత్నించినా కాగితం కదలలేదు. వాళ్ల నాన్న వానలో 18 కిలోమీటర్లు బండి మీద టౌనుకు వెళ్లి తీయించుకొచ్చాడు. మా మనస్సాక్షి నెమ్మది పడింది, దాని ఖరీదు మాత్రం ఆయన కట్టాడు. "మీ కంప్యూటరు మంచిదే అయ్యగారూ, మాకే పనికిరాలేదు" అని ఆ అమ్మాయి నవ్వుతూ అంది. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

మళ్లీ దొంగ కాపీ ఎక్కిద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. బండి రిపేరుకు దాచిన డబ్బుతో, పోస్ట్‌స్క్రిప్ట్ అర్థమయ్యే పాత లేజర్ ప్రింటరు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాం. దానికి కంపెనీ డ్రైవరు అక్కర్లేదు. ఇప్పుడది వరండాలో ఉంది. ఫారాలు కావలసినవారు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవులో తీసుకురండి. ఆఖరి తేదీ దాకా ఆగకండి.