మోయాబ్ రాళ్ళ మీద మూడు స్విచ్చులు

డెన్వర్ నుంచి మోయాబ్ 350 మైళ్ళ పైచిలుకు. పొద్దున్నే ఐ-70 ఎక్కితే మధ్యాహ్నం దాటేసరికి యూటా ఎర్రమట్టిలో ఉండొచ్చు. మేం మాత్రం దారిలో గ్రాండ్ జంక్షన్‌లో రాత్రికి ఆగేలా బయల్దేరాం. అందుకు కారణం మా జీపులో కొత్తగా చేరిన సరంజామా: రెండు మోటార్ల ఎయిర్ కంప్రెసర్, ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి ఎయిర్ లాకర్. ఇరుసులు విప్పి లాకర్లు కూర్చే పని షాపులో చేయించాం. వైరింగ్ మాత్రం నేనూ మా బావమరిదీ చేసుకున్నాం. రాళ్ళ మీదకి తీసుకెళ్ళే ముందు కొండదారిలో కాస్త కుదుపు తగలనిచ్చి, రాత్రికి అన్ని జాయింట్లూ ఓసారి తడిమి చూడాలని వాడి పట్టు.

వాడి మాట తీసెయ్యడానికి లేదు. తెనాలి దగ్గర పల్లెలో ట్రాక్టరు మీద పెరిగినవాడు. డిఫరెన్షియల్ లాక్ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. వాడు కాలితో తొక్కి తెలుసుకున్నాడు. దమ్ము చేసే చేలో ఒక చక్రం బురదలో పడి గిర్రున తిరుగుతుంటే రెండోది కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు లాక్ పెడల్ తొక్కితే రెండు చక్రాలూ ఒక్కటై బండి బయటికొస్తుంది. జీపులో ఉన్నదీ ఆ ఏర్పాటే. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం కంటే బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి కాబట్టి డిఫరెన్షియల్ రెండిటినీ విడివిడిగా తిరగనిస్తుంది. రోడ్డు మీద అది వరం. రాళ్ళ మీద ఒక చక్రం గాల్లోకి లేచిందంటే అదే శాపం. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి బలం దాదాపు అక్కర్లేదు. డిఫరెన్షియల్ నేలనున్న చక్రానికీ అంతే బలం ఇస్తుంది, అంటే ఏమీ ఇవ్వదు.

ఎయిర్ లాకర్‌లో పెడల్ బదులు గాలి పనిచేస్తుంది. కంప్రెసర్ నుంచి సన్నటి నీలిరంగు గొట్టంలో వెళ్ళిన గాలి ఇరుసు లోపలి పిస్టన్‌ని నెడితే గేర్లు బిగుసుకుంటాయి. గాలిని పంపాలా, బయటికి వదలాలా అన్నది ఒక చిన్న సొలినాయిడ్ చూసుకుంటుంది. ఈ రకం లాకర్లకి లోకమంతా పేరు తెచ్చింది ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ.

1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల ఎత్తు మీద ఉంటుంది. అది దాటాక ఒకచోట ఆగి కంప్రెసర్ ఆన్ చేశాం. గాలి పలచబడ్డ చోట ఇంటి దగ్గర కన్నా ఎక్కువసేపు గొణిగి గాని ఆగలేదు. గొట్టంలో ఒత్తిడి తగినంత చేరగానే ప్రెషర్ స్విచ్ మోటార్లని ఆపేస్తుంది, తగ్గితే మళ్ళీ లేపుతుంది. స్విచ్ ఆన్‌లో ఉందంటే మోటారు ఎప్పుడూ తిరుగుతోందని కాదు. ఈ సంగతి ఆ రాత్రి అక్కరకొచ్చింది.

బయల్దేరే ముందు చేసిన వైరింగ్ సంగతి ఇక్కడ చెప్పాలి. మా జీప్ రాంగ్లర్ డ్యాష్‌బోర్డు మీద, అదనపు సరంజామా కలుపుకోడానికి కంపెనీ ఇచ్చిన ఆక్స్ స్విచ్చులు నాలుగున్నాయి. మొదటి రెండూ 40 ఆంపియర్లవి, తర్వాతి రెండూ 15వి. వాటి వైర్లని బానెట్ కింద చుట్టచుట్టి వదిలేస్తారు. ఏది దేనికి కలపాలన్నది మన ఇష్టం. చూడగానే కంప్రెసర్‌ని 40 ఆంపియర్ల స్విచ్చుకి కలిపెయ్యాలనిపిస్తుంది. కానీ రెండు మోటార్లూ కలిసి గట్టిగా పనిచేసినప్పుడు 50 ఆంపియర్ల పైనే లాగుతాయి. అందుకని మోటార్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, ఒక్కోదానికి విడిగా ఫ్యూజు, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు. ఆక్స్ 1 చేసే పనల్లా ఆ రిలేని లేపడమే. దానికి వెళ్ళేది సన్నటి వైరు కాబట్టి మధ్యలో ఇంకో చిన్న ఫ్యూజు వేశాం. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడడానికి. సన్నటి వైరుకి 40 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంటే ముందు కాలేది వైరే. వెనక లాకర్ ఆక్స్ 3కి, ముందు లాకర్ ఆక్స్ 4కి వెళ్ళాయి.

అసలు వాదన అక్కడ మొదలైంది. లాకర్‌తో వచ్చే సొంత స్విచ్చుల వైరింగ్‌లో ఒక వరస ఉంటుంది. కంప్రెసర్ ఆన్ చేస్తేనే వెనక లాకర్‌కి కరెంటు, వెనకది ఆన్ అయితేనే ముందుదానికి కరెంటు. ముందు ఇరుసు బిగిస్తే స్టీరింగ్ మొరాయిస్తుంది కాబట్టి అది ఆఖరి ఆయుధం. ఆక్స్ స్విచ్చులకి ఇలాంటి కట్టుబాటు లేదు. దేనికదే స్వతంత్రం. పిల్లలెవరైనా చెయ్యి చాపి ఆక్స్ 4 నొక్కితే హైవే మీద ముందు ఇరుసు బిగుసుకున్నా అడిగేవాడు లేడు.

"మనం నొక్కితే కదా బావా?" అన్నాడు వాడు.

"మీ నాన్న పెడల్ తొక్కి మర్చిపోయి గట్టు దగ్గర ట్రాక్టరు తిప్పిన రోజులు లేవా?" అన్నాను. నవ్వాడు గాని, మాట్లాడలేదు.

ఇంకో రెండు రిలేలు కొన్నాం. ఆక్స్ 1లో కరెంటు ఉంటే మొదటి రిలే మూసుకుని ఆక్స్ 3ని వెనక సొలినాయిడ్ దాకా వెళ్ళనిస్తుంది. వెనక సొలినాయిడ్‌కి కరెంటు వెళ్తేనే రెండో రిలే మూసుకుని ఆక్స్ 4కి దారిస్తుంది. కంపెనీ వరస మళ్ళీ వచ్చేసింది. ఖర్చయింది రెండు రిలేలూ ఒక మధ్యాహ్నమూ.

గ్రాండ్ జంక్షన్ మోటల్ పార్కింగ్‌లో ఆ రాత్రి కంప్రెసర్ ఆన్ చేసి, నిండి ఆగాక, చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి అదంతట అదే "గుర్ర్" మని లేచి మళ్ళీ ఆగింది. ఇంకాసేపటికి మళ్ళీ. వాడకుండానే ఒత్తిడి తగ్గుతోందంటే ఎక్కడో గాలి పోతోందన్నమాట. గిన్నెలు తోమే సబ్బుని నీళ్ళలో కలిపి, టార్చి వెలుగులో ఒక్కో జాయింటు మీదా చిలకరించాం. వెనక సొలినాయిడ్ మొదట్లో, మరచుట్టు అంచున, ఆవగింజంత బుడగ ఒకటి పొంగి, పగిలి, మళ్ళీ పొంగింది. విప్పి, టేపు చుట్టి, బిగించాం. ఆ తర్వాత మోటారు లేవలేదు. పడుకోబోయే ముందు స్క్రీన్‌లో ఆక్స్ సెట్టింగులు ఇంకోసారి చూశాం. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే స్విచ్ వెనకటి స్థితికే వచ్చే సౌకర్యం ఒకటుంది. లైట్లకి అది బాగుంటుంది, లాకర్లకి పనికిరాదు. తీసేశాం.

మర్నాడు సిస్కో దగ్గర హైవే వదిలి 128 రోడ్డు పట్టాం. అక్కణ్ణుంచి మోయాబ్ దాకా ఎక్కువభాగం కొలరాడో నది పక్కనే. 1916లో కట్టి, 2008లో కాలిపోయిన డ్యూయీ వంతెన తీగలు ఇంకా నది మీద వేలాడుతున్నాయి. తర్వాత రెండువైపులా ఎర్రరాతి గోడలు దగ్గరికొస్తాయి. 1952లో చార్లీ స్టీన్‌కి ఈ ప్రాంతంలో యురేనియం దొరికాక జనం జీపులేసుకుని వచ్చిపడ్డారు. ఖనిజం కోసం వాళ్ళు తొలిచిన బాటలు చాలావాటి మీద ఇప్పుడు సరదాకి తిరుగుతున్నారు. జీపులన్నీ ఇక్కడ కూడే ఈస్టర్ జీప్ సఫారీ 1967 నుంచీ జరుగుతోంది.

మోయాబ్ పక్కనే ఉన్న శాండ్ ఫ్లాట్స్‌లో 'హెల్స్ రివెంజ్' బాట మొదట్లో ఆగి, టైర్లలో గాలి 37 పాయింట్ల నుంచి 18కి దించాం. మెత్తబడ్డ టైరు రాయిని ఎక్కువ మేర పట్టుకుంటుంది. బాట మొదలవుతూనే ఇరుకైన రాతి వెన్ను మీదకి ఎక్కిస్తుంది. రెండువైపులా లోయ, ఎదురుగా బానెట్, పైన ఆకాశం, అంతే. రాతి మీద పెయింటుతో వేసిన మంట గుర్తులే దారి. ఒకప్పటి ఇసుక తిన్నెలు గట్టిపడి రాయైన నేల ఇది. రబ్బరు ఇక్కడ జారదు, గరుకు కాగితం మీద పెట్టినట్టు పట్టేస్తుంది. కాబట్టి ఇక్కడ లాకర్ అవసరం జారినప్పుడు కాదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు.

ఒక మెట్టు దగ్గర అదే అయింది. వాడు దిగి ఎదురుగా నిలబడి చేత్తో దారి చూపిస్తున్నాడు. "ఎడమకి బావా... ఇంకా... ఆగు. కుడి వెనక చక్రం లేచింది." యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే ఆ చక్రం ఊరికే తిరిగింది, బండి కదల్లేదు. ఆక్స్ 3 నొక్కాను. బానెట్ కింద "టక్" మంది. మళ్ళీ అంతే తొక్కితే, ఎగురుడూ దూకుడూ లేకుండా, జీపు మెట్టు మీదకి నడిచి వెళ్ళింది. పైకెక్కగానే ఆపేశాను. గొట్టంలోని గాలి "ఫుస్స్" మని బయటికొచ్చింది. ఇంత పట్టున్న రాతి మీద లాక్ వేసి మలుపు తిప్పితే విడివిడిగా తిరగాల్సిన చక్రాలు తిరగలేక, ఆ బరువంతా ఇరుసు కడ్డీల మీద పడుతుంది. ఇంకోచోట ఎదురుబొదురు మూలల చక్రాలు రెండూ లేస్తే ముందు లాకరూ కావాల్సొచ్చింది. స్టీరింగ్ చేతికి లొంగలేదు. నాలుగడుగులు తిన్నగా పోయి తీసేశాం. బాట పక్కన నల్లగా పొలుసుకట్టిన మట్టి కనిపిస్తుంది. అది సజీవమైన పొర, ఒక్కసారి చక్రం పడితే కోలుకోడానికి దశాబ్దాలు పడుతుంది. చక్రాలు ఊరికే తిరిగి పక్కకి జారకుండా ఉండడం మన ఇరుసులకే కాదు, ఆ మట్టికీ మేలు.

ఆ బాటంతా కలిపి లాకర్లు వేసి నడిపింది కొద్ది నిమిషాలే. బాట దిగాక మాత్రం ఇంజిన్ ఆన్‌లో ఉంచి, నాలుగు టైర్లకీ మళ్ళీ 37 పాయింట్లు పట్టించాం. పక్కన ఆగిన కుర్రాళ్ళు మా గొట్టం అడిగి తమ బండికీ పట్టించుకున్నారు. డెన్వర్ మిత్రులు ఇప్పుడు ఏది ముందు కొనాలని అడుగుతుంటారు. ముందు కంప్రెసర్, దారి ఏదైనా అది అక్కరకొస్తుంది. డబ్బు చేరితే వెనక లాకర్. ముందు లాకర్ కావాలో వద్దో రెండు సీజన్లు తిరిగాక మీకే తెలుస్తుంది. వైరింగ్‌లో మేం పెట్టిన వరసే కొనడానికీ సరిపోతుంది.