మగ్గం వెంట నడిచిన భాష

మా పెగడపల్లిలో షోలాపూరును యెవరూ పరాయి వూరుగా లెక్కించరు. పటంలో అది మహారాష్ట్ర. మా యిళ్ళలో మాత్రం అది మేనత్తలుండే వూరు, పిల్లనిచ్చిన వూరు, చలికాలంలో కప్పుకునే చాదరు వచ్చే వూరు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మావైపు వలసనంతా మూడు మాటల్లో చెప్పుకుంటారు. ఆ వరసలో షోలాపూరుకు చోటు దొరకనిది ప్రాస కుదరక కాబోలు. వయసులో అది దుబాయికంటె యెన్నో తరాలు పెద్దది.

ఒక భాషవాళ్ళ నడుమ మరొక భాష జనం గుంపుగా స్థిరపడితే దానిని పండితులు భాషా ద్వీపం అంటారు. మాట అందమైనదే. కాని ద్వీపం అనగానే అదేదో నీళ్ళలోనుంచి దానంతటదే పైకి లేచినట్టు తోస్తుంది. దానిని కట్టిన చేతులు కనబడకుండా పోతాయి. షోలాపూరు తెలుగు పేటలను కట్టినవి ప్రధానంగా పద్మశాలీల చేతులు. నైజాం రాజ్యంలోని కరీంనగరం, నల్లగొండ, పాలమూరు, మెదకు జిల్లాలనుంచి వాళ్ళు తరతరాలుగా అక్కడికి చేరారు. మిల్లుగుడ్డ వచ్చి పల్లె మగ్గాన్ని దెబ్బతీసింది. 1876-78 కరువు దక్కనును మాడ్చింది. షోలాపూరుకు 1860 లోనే రైలు వచ్చింది. 1870 దశకంలో, తరవాత జనం ‘పాతమిల్లు’ అని పిలుచుకున్న నూలు మిల్లు పుట్టింది. రైలు దిగినవాడికి మిల్లు లేదంటే మగ్గం, యేదో ఒక పని దొరికేది.

తెలుగువాడు యెక్కడికి పోయినా భాషను గుండెల్లో దాచుకుని పోతాడని మన సభల్లో చెప్పటం ఆనవాయితీ. నాకు ఆ మాటమీద నమ్మకం తక్కువ. షోలాపూరులో తెలుగు నిలిచింది అభిమానంవల్ల కాదు, పనివల్ల. యిల్లే కార్ఖానా అయిన చోట మొగుడు మగ్గం గుంటలో కూర్చుంటాడు, పెళ్ళాం ఆసు పోస్తుంది, పిల్లలు కండెలు చుడతారు. పడుగు, పేక, కండె, నాడె: యీ మాటలు లేకుండా అక్కడ గుడ్డ పుట్టదు. కొత్తగా వచ్చినవాడు తనవాళ్ళ చూరుకిందనే పని నేర్చుకుంటాడు. యిలా వుత్పత్తి తెలుగులో జరిగినంతకాలం తెలుగును యెవరూ కాపాడవలసిన అవసరం రాలేదు.

దీనికి మా మేనత్త సాక్ష్యం చెప్పింది. ఆమె పుట్టింది పెగడపల్లిలో; బీడీలు చేసిందంతా షోలాపూరులో. తునికాకు కత్తిరిస్తూ ఒకసారి నాతో అన్నది: “లెక్కేమో మరాఠీల వస్తది అల్లుడా, కోపమేమో తెలుగుల వస్తది.” వెయ్యి బీడీలకింత అని కూలి కట్టేవాడు మరాఠీలో లెక్కపెడతాడు, కనక ఆమె అంకెలు మరాఠీ అయినాయి. కోపానికి కూలి లేదు. కనక అది తెలుగులోనే వుండిపోయింది. భాషాశాస్త్రం మీద నేను చదివిన పుస్తకాలేవీ నాకు యింతకంటె యెక్కువ నేర్పలేదు.

మిల్లులో కథ వేరు. అక్కడ తెలుగువాడి పక్కన మరాఠీవాడు, కన్నడంవాడు, వుర్దూ మాట్లాడే ముసల్మాను నిలబడ్డారు. ఆ వూరి రాజకీయం ఆ కలయికలోనుంచే వచ్చింది. 1930 మేలో గాంధీ అరెస్టు వార్త విని జనం తిరగబడితే, పోలీసులు కాల్పులు జరిపారు. ఆంగ్ల ప్రభుత్వం షోలాపూరులో మార్షల్ లా పెట్టింది. 1931 జనవరి 12న యెరవాడ జైలులో నలుగురిని వురితీశారు: మల్లప్ప ధన్‌శెట్టి, ఖుర్బాన్ హుసేన్, శ్రీకిషన్ సారడా, జగన్నాథ్ షిండే. యీ పేర్లను మరొకసారి చదవండి. యే ఒక్క కులమూ, యే ఒక్క మతమూ ఆ నలుగురినీ తనవాళ్ళని చెప్పుకోలేదు. తరవాతికాలంలో అదే నేలమీద తెలుగు యింట పుట్టిన నర్సయ్య ఆడం కార్మిక నాయకుడై మూడుసార్లు శాసనసభకు వెళ్ళాడు. ఆయన పూనికతో బీడీ స్త్రీలకు పది వేల యిళ్ళ కాలనీ వచ్చింది. దానికి వార్లీ ఆదివాసుల నాయకురాలు గోదావరి పరులేకర్ పేరు పెట్టారు. 2006లో ఆ యిళ్ళను వాళ్ళకు అప్పగించారు.

యిక్కడ యూరపులోని మరొక ద్వీపం సంగతి చెప్పాలి, యెందుకంటే అది వేరే దారిన పోయి మునిగింది. స్లొవీనియా కొండల్లో కొచేవ్యే అనే ప్రాంతం వుంది. జర్మనులు దానిని గొట్షే అన్నారు. 14వ శతాబ్దంలో ఆర్టెన్‌బర్గ్ ప్రభువులు అడవి నరికించటానికి జర్మను రైతులను తెచ్చి అక్కడ దించారు. నేల కడుపు నింపలేదు. 1492లో చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ వాళ్ళకు వూరూరా తిరిగి సరుకు అమ్ముకునే హక్కునిచ్చాడు. స్లొవీనుల మధ్య వాళ్ళ మాండలికం ఆరువందల యేళ్ళు బతికింది. 1918 తరవాత కొత్త యుగోస్లావియా రాజ్యం వాళ్ళ జర్మను బడులను మూయించింది. ఆ పుండుమీద 1930 దశకంలో నాజీలు చేయి వేశారు. 1941లో ఫాసిస్టులు యుగోస్లావియాను పంచుకుంటే కొచేవ్యే ఇటలీ వాటాకు పోయింది. హిట్లరు తన రక్తబంధువులను వెనక్కు పిలిచాడు. ఆ యేడాది చలికాలంలో 11 వేలకు పైగా జనాన్ని లేపి, సావా నది వైపు బ్రెజిత్సె ప్రాంతంలో దించారు. యెవరి యిళ్ళలో? అక్కడినుంచి అంతకుముందే తరిమేసిన స్లొవీను రైతుల యిళ్ళలో. 1945లో వాళ్ళూ అక్కడినుంచి పారిపోయారు, మిగిలినవాళ్ళను వెళ్ళగొట్టారు. యిప్పుడు కొచేవ్యే అడవుల్లో వాళ్ళ పల్లెలనేకం మొండిగోడలు.

కొద్ది వందలమంది మాత్రం 1941లో కదలమన్నారు. వాళ్ళలో కొందరు పార్టిజానుల పక్కన నిలిచి పోరాడారు. అయినా యుద్ధం ముగిసినాక గెలిచిన పక్షం జర్మను మాట్లాడటాన్నే నేరంగా లెక్కవేసింది. ఆ పార్టిజానుల పోరాటాన్ని గౌరవించే మనమే యీ మాట దాచకుండా చెప్పాలి. మనం చెప్పకపోతే చెప్పటానికి రక్తం పేర వ్యాపారం చేసేవాళ్ళు సిద్ధంగా వున్నారు.

షోలాపూరు తెలుగును యెవరూ రక్తం పేర పిలవలేదు. 1956లో భాషా రాష్ట్రాలు యేర్పడినప్పుడు దానిని తమలో కలపమని కాని, అక్కడివాళ్ళను తరలించమని కాని గొడవ పెద్దది కాలేదు. అది వాళ్ళ అదృష్టమేనని నేననుకుంటాను. కాని మిల్లులు మూతబడ్డాయి. పాతమిల్లు 1960 దశకంలోనే, మరికొన్ని 1990 దశకంలో. మునిసిపాలిటీ తెలుగు బడుల్లో పిల్లలు తగ్గారు. తల్లులు పిల్లలను మరాఠీ బడికో, యింగ్లీషు బడికో పంపుతున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకేదీ? తెలుగు చదివితే వుద్యోగమేదని ఆ తల్లి అడిగితే, హైదరాబాదునుంచి వెళ్ళిన వుపన్యాసకుడి దగ్గర జవాబు లేదు.

ఒక సాహిత్య సభలో ఒక పెద్దమనిషి షోలాపూరు తెలుగును భ్రష్టమైన తెలుగు అన్నాడు, నేను వింటూ వుండగానే. మరాఠీ మాటలు కలిసినాయట. మరమగ్గం అనే మాట పుస్తకాల్లో వుంది. సిరిసిల్లలో దానిని నడిపేవాడు ‘సాంచ’ అంటాడు. భివండిలో పనిచేసి తిరిగివచ్చినవాళ్ళు మగ్గాలతోపాటు ఆ మాటనూ మోసుకొచ్చారని నా నమ్మకం. భ్రష్టత అంటే యిదే అయితే, సిరిసిల్ల గుడ్డంతా భ్రష్టమైన మాటతోనే నేసినారు.

మా పక్కన పెద్దపల్లి ఇటుక బట్టీలున్నాయి. పంట పని ముగిసినాక పశ్చిమ ఒడిశానుంచి కుటుంబాలకు కుటుంబాలే అక్కడికి వస్తాయి. వాన పడేదాకా వుంటాయి. కొన్నిచోట్ల పిల్లలకోసం బట్టీల దగ్గరే ఒడియా బడులు పెట్టారు. తల్లిదండ్రులకు కూలి వెయ్యి ఇటుకలకింత. వాళ్ళు ఆ లెక్క యే భాషలో పెడుతున్నారో యిక్కడి అధ్యాపక మిత్రులు యెవరైనా వెళ్ళి విని, రాస్తే బాగుండును.